అన్నమును మానినవారి అనుభవము: ప్రమాణ విచారము



దేవాలయములలో ఇటీవల ఒక నూతన దృశ్యము కానవచ్చుచున్నది. భక్తుడు తీర్థమునకు చేయి చాచును, శఠారికి శిరస్సు వంచును. పులిహోరయో చక్కెర పొంగలియో పంచుచోటికి వచ్చుసరికి మాత్రము చేయి వెనుకకు తీసికొని, "క్షమించండి స్వామీ, అన్నం మానేశాను" అని పలికి మెల్లగా తప్పుకొనును. ఆ పలుకులో కొందరికి సంకోచము, కొందరికి గర్వము. పిండిపదార్థములను తగ్గించి దేహభారమును తగ్గించుకొను ఆహారపద్ధతి తెలుగునాట ఇంటింటికి చేరినది. 2018 ప్రాంతమున అది ఒక ఉద్యమముగనే సాగినది. వరియన్నము, గోధుమరొట్టె, పంచదార వర్జించి, కొబ్బరినూనె, నెయ్యి, నిమ్మరసము, కూరగాయలతో దినములు గడపి ఇరువది కిలోలు తగ్గితిమని చెప్పినవారు ఊరూర కనిపించిరి.

ఈ విషయమున ఆస్తికులకు మూడు సందేహములు కలుగుచున్నవి. అట్లు తగ్గినవారి స్వానుభవము ఇతరులకు ఎంతవరకు ప్రమాణము? అన్నమును మానుట శాస్త్రవిరుద్ధమా? ఆ పద్ధతిని అవలంబించినవాడు ప్రసాదము, శ్రాద్ధభోజనము, వ్రతోపవాసముల విషయమున ఎట్లు వర్తింపవలెను? ఒక పక్షమువారు "పూర్వులందరు అన్నము తినియే నూరేండ్లు బ్రతికిరి" అని త్రోసివేయుచున్నారు. మరియొక పక్షమువారు "అన్నమే విషము" అని ప్రచారము చేయుచున్నారు. ఈ రెండు మాటలును విచారమునకు నిలువవు.

బాంటింగు వృత్తాంతము

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. స్వానుభవమును లోకమునకు వ్రాసి ప్రకటించినవారిలో ప్రసిద్ధుడు లండను నగరవాసి విలియం బాంటింగు. అతడు వైద్యుడు కాడు, పండితుడు కాడు. అంత్యక్రియలు నిర్వహించుట అతని వంశవృత్తి. ఆంగ్ల రాజకుటుంబమున కూడ ఆ కార్యము ఆ వంశమువారే చేసిరి. 1862వ సంవత్సరమున, దాదాపు అరువదియారేండ్ల వయస్సున, అయిదడుగుల అయిదంగుళముల పొడవు గల ఆ మనిషి 202 పౌనులు, అనగా సుమారు 92 కిలోలు తూగెను. తన పాదరక్షల ముడి తాను వేసికొనలేకపోయెను. మెట్లు దిగవలసివచ్చినచో మోకాళ్లపై భారము పడకుండుటకు వెనుకకు తిరిగి దిగెడివాడు. అంతకు పూర్వము పడవ నడిపెను, ఆవిరిస్నానములు చేసెను, ఎందరో వైద్యుల మందులు మ్రింగెను. ఫలితము శూన్యము.

తుదకు వినికిడి మందగించుటచే విలియం హార్వే అను కర్ణవైద్యుని ఆశ్రయించెను. హార్వే పారిసు నగరమున క్లాడ్ బెర్నార్డ్ అను శాస్త్రజ్ఞుని ఉపన్యాసములు వినివచ్చినవాడు. కాలేయమున చక్కెర పుట్టు విధమును బెర్నార్డ్ వివరించియుండెను. దానిని బట్టి ఆలోచించి, రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంప అను ఆరింటిని విడువుమని హార్వే ఆదేశించెను. సుమారు ఒక సంవత్సరములో బాంటింగు 46 పౌనులు, అనగా దాదాపు 21 కిలోలు తగ్గెను. 1863లో తన అనుభవమును ఒక చిన్న పుస్తకముగ స్వంత వ్యయముతో ముద్రించి ఉచితముగ పంచెను. ఆ పుస్తకము ఎంత ప్రసిద్ధి చెందెననగా, అతని పేరే ఆహారనియమమునకు పర్యాయపదమయ్యెను. స్వీడను దేశపు భాషలో బరువు తగ్గుటకై నియమము పాటించుటను నేటికిని "బాంటా" అనుచున్నారు. బాంటింగు 1878లో ఎనుబదియొకటవ ఏట మరణించెను.

గమనింపదగిన సంగతి ఒకటి కలదు. నాటి వైద్యులలో అనేకులు ఈ పుస్తకమును తృణీకరించిరి. ఒక సామాన్యుని అనుభవము శాస్త్రమెట్లగునని వారు ప్రశ్నించిరి. బాంటింగు అభిమానులు "అతడు తగ్గినాడు గదా, ఇంకేమి ప్రమాణము కావలెను?" అనిరి. నూటయరువది ఏండ్లు దాటినను నేటి వాదప్రతివాదములు అక్కడనే ఉన్నవి. ఈ చిక్కును విప్పుటకు మన న్యాయశాస్త్రము ఉపకరించును.

అనుభవము, వ్యాప్తి, ఉపాధి

ప్రత్యక్షము ప్రమాణములలో మొదటిది. బాంటింగు తగ్గెననుట అతనికి ప్రత్యక్షము. దానిని ఎవరును కాదనలేరు. కాని "అతడు తగ్గెను గనుక ఇతరుడును తగ్గును" అనుట ప్రత్యక్షము కాదు, అనుమానము. అనుమానమునకు వ్యాప్తి కావలెను. ఎక్కడెక్కడ హేతువు కలదో అక్కడక్కడ సాధ్యము తప్పక ఉండవలెను. ఒక్కచోట తప్పినను హేతువునకు వ్యభిచారదోషము పట్టును.

తర్కసంగ్రహము చదివిన ప్రతి విద్యార్థియు ఎరిగిన ఉదాహరణము ఇక్కడ సరిపోవును. పొగయున్నచోట నిప్పుండుట నియమము. నిప్పున్నచోట పొగయుండుట మాత్రము నియమము కాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు కలదు, పొగ లేదు. పొగ పుట్టుటకు పచ్చికట్టెల సంబంధము కావలెను. దానిని ఉపాధి అందురు. అట్లే "అన్నము మానినచోట భారము తగ్గును" అను వాక్యమునకు ఒక ఉపాధి దాగియున్నది. అన్నము మానినవాడు దానితోపాటు పంచదార, మిఠాయి, సాయంకాలపు బజ్జీలు, రాత్రి రెండవమారు వడ్డన కూడ మానును. మాంసకృత్తులు, కొవ్వు, పీచు కలిగిన ఆహారము కొంతతోనే తృప్తినిచ్చుటచే మొత్తము భోజనమే తగ్గును. అనగా తగ్గుదలకు అసలు కారణము చాలవరకు మితత్వమే. అన్నత్యాగము ఆ మితత్వమునకు ఒక ద్వారము. అది ఎంతో మందికి సుగమమైన ద్వారమే. కాని అది ఒక్కటే ద్వారము కాదు.

ఈ మాటకు నేటి పరిశోధన సాక్ష్యమిచ్చుచున్నది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 609 మందిని రెండు వర్గములుగ విభజించి, ఒక వర్గమునకు కొవ్వు తగ్గించిన ఆహారమును, మరియొక వర్గమునకు పిండిపదార్థములు తగ్గించిన ఆహారమును పండ్రెండు మాసములు విధించిరి. 2018లో ఫలితము ప్రకటింపబడెను. మొదటి వర్గము సగటున 5.3 కిలోలు, రెండవ వర్గము 6 కిలోలు తగ్గెను. ఆ స్వల్పభేదము లెక్కకు రాదని వారే తేల్చిరి. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి. ఒకే వర్గములో ఒకే ఆహారము తినినవారిలో కొందరు ఇరువది కిలోలకు పైగా తగ్గిరి. కొందరు ఏమియు తగ్గకపోగా పెరిగిరి.

ఇప్పుడు ఆలోచింపవలెను. ఇరువది కిలోలు తగ్గినవాడు సభలో నిలిచి తన కథ చెప్పును, జనులు చప్పట్లు చరతురు. పెరిగినవాడు ఇంట మౌనముగ కూర్చుండును. లోకము వినునది మొదటివాని మాట మాత్రమే. అతడు అసత్యము పలుకుట లేదు. అతని సత్యము అతనికి పరిమితము. అందుచేత స్వానుభవ కథనములను నిందింపరాదు, వేదవాక్యములుగ స్వీకరింపనురాదు. ప్రయత్నింపవచ్చునను ధైర్యమును వానినుండి గ్రహించి, ఫలనిశ్చయమును గ్రహింపకుండుటయే వివేకము.

దేహమున జరుగునది

ఈ పద్ధతి ఎట్లు పనిచేయునో స్థూలముగనైన తెలిసికొనుట మేలు. మనము తిన్న పిండిపదార్థము చక్కెరగ మారి రక్తమున చేరును. దానిని కణములలోనికి చేర్చునది ఇన్సులిన్. మిగిలినది కొంత గ్లైకోజెన్ అను రూపమున కాలేయమునందును కండరములందును నిలువయుండును. ఇంకను మిగిలినది మేదస్సుగ మారును. పిండిపదార్థము మిక్కిలి తగ్గినచో ముందుగ గ్లైకోజెన్ ఖర్చగును. గ్లైకోజెన్ తనకు సుమారు మూడు రెట్లు నీటిని పట్టియుంచును గనుక, అది కరుగగనే నీరు వెడలిపోవును. మొదటి వారమున రెండు మూడు కిలోలు తగ్గెనని ఉత్సాహపడువారు ఎరుగవలసినది ఇదియే. తగ్గినది చాలవరకు జలము, మేదస్సు కాదు. తరువాత కాలేయము కొవ్వునుండి కీటోన్లను తయారుచేయును. మెదడు సైతము వానితో కొంతవరకు పనిచేయగలదు. ఈ సంధికాలమున శిరోవేదన, నీరసము, మలబద్ధము, కండరములు పట్టివేయుట, నోట ఒక విధమైన వాసన కలుగుట సహజము.

ఇక అన్నము సంగతి. నూరు గ్రాముల వండిన వరియన్నములో సుమారు 28 గ్రాముల పిండిపదార్థము కలదు. భారతీయుల ఆహారశక్తిలో సుమారు 62 శాతము పిండిపదార్థములనుండియే వచ్చుచున్నదని భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనమున తేలినది. దేశమున పదికోట్లకు పైగా మధుమేహరోగులు కలరని అదే మండలి 2023లో ప్రకటించినది. కాయకష్టము చేసిన పూర్వులకు సరిపోయిన అన్నపురాశి, కూర్చుండి పనిచేయు నేటివారికి సరిపోవుననుట న్యాయము కాదు. "పూర్వులు తినిరి" అను పక్షమువారు ఈ భేదమును గుర్తింపవలెను. పూర్వులు దంచిన బియ్యము తినిరి, మూడు క్రోసులు నడచిరి, చీకటి పడకమునుపే భోజనము ముగించిరి. వారి అన్నమును మాత్రము గ్రహించి వారి శ్రమను విడిచినవాడు వారి పేరు చెప్పుకొనుటకు అర్హుడు కాడు.

చరకుడు చెప్పినది, చెప్పనిది

చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయమున ఎనిమిది విధములైన నిందితదేహములు వర్ణింపబడినవి. వానిలో అతిస్థూలుడు, అతికృశుడు అను ఇరువురిని గూర్చి విశేషముగ విచారించెను. స్థూలునికి ఆయుస్సు తగ్గును, చురుకుదనము తగ్గును, చెమట, దుర్గంధము, అతిక్షుధ, అతితృష్ణ కలుగునని అక్కడ చెప్పబడినది. మేదస్సు మార్గములను అడ్డగించుటచే వాయువు కోష్ఠమునందే తిరుగుచు అగ్నిని రగుల్చును. అందుచే స్థూలుడు తిన్నది శీఘ్రముగ జీర్ణించుకొని మరల ఆకలిగొనును. తిన్నకొలది ఆకలి, ఆకలికొలది తిండి. ఈ చక్రమును వేల ఏండ్ల క్రిందట గుర్తించిన ఆ మహర్షి దృష్టి ఆశ్చర్యకరము.

అయితే కొందరు ఉత్సాహవంతులు "ఈ పిండి తగ్గించు పద్ధతి అంతయు చరకునిదే" అని చెప్పుచున్నారు. అది సత్యము కాదు. చరకుడు స్థూలునికి విధించినవి యవలు, శ్యామాకము, కొర్రలు, అరికలు, పెసలు, ఉలవలు, తేనె, త్రిఫల, మజ్జిగ. ధాన్యమును పూర్తిగ మానుమనలేదు, ధాన్యమును మార్చుమనెను. పైగా స్నిగ్ధమైన ఆహారము మేదస్సును పెంచునని ఆయన మతము. నేటి పద్ధతిలో నెయ్యి, నూనె సమృద్ధిగ వాడుదురు. ఈ రెంటికిని గల భేదమును దాచి, శాస్త్రము పేరున నూతన పద్ధతికి గౌరవము సంపాదించుట శాస్త్రమునకు సేవ కాదు. చరకునితో ఏకీభవించునది ఒక అంశము: స్థూలత్వము మధురాహారము, అవ్యాయామము, పగటినిద్ర, నిశ్చింతతల ఫలమని.

ఇంకొక భ్రమ కూడ తొలగవలెను. కొర్రలు, సామలు తిన్నచో పిండిపదార్థము ఉండదని పలువురు తలచుచున్నారు. వండని కొర్రబియ్యమున నూటికి సుమారు 60 గ్రాములు పిండిపదార్థమే. పీచు అధికముగ ఉండుటచే అవి మేలైనవి. మేలైనవి యని కడుపునిండ తినినచో ఫలము మారదు.

ఒక అర్చకుని అనుభవము

గోదావరీ తీరమున ఒక గ్రామ శివాలయమున అర్చకత్వము చేయు ఒకరి వృత్తాంతము ఈ విచారమునకు ఉపయోగపడును. వయస్సు ఏబదిరెండు. దేహభారము 94 కిలోలు. మధుమేహము ప్రవేశించి ఆరేండ్లు గడచెను. అర్చకుల జీవనము ఈ వ్యాధికి అనుకూలమైనదని లోకమునకు తెలియదు. తెల్లవారకమునుపు మేల్కొనుట, గర్భాలయమున గంటలకొలది ఒకే ఆసనము, అభిషేకములు ముగియువరకు నిరాహారము, పిదప ఆకలి మీద ప్రసాదాన్నమే భోజనము, మధ్యాహ్నము ఎవరింటనో ఆబ్దికమున భోక్తగా గారెలు, బూరెలు, పరమాన్నము. ఇది ఒకనాటి విందు కాదు, వృత్తి.

ఆయన వైద్యుని సంప్రదించి, మందుల మోతాదు తగ్గించుకొనుచు, అన్నమును పూటకు ఒక పిడికెడుకు పరిమితము చేసెను. మధ్యాహ్నము తోటకూర పప్పు, బీరకాయయో సొరకాయయో రెండింతలు కూర, కొబ్బరి పచ్చడి, నెయ్యి, పెరుగు. రాత్రి అన్నము లేదు. కూర, మజ్జిగ, నానిన వేరుసెనగలు. ఉల్లి, వెల్లుల్లి, పుట్టగొడుగులు మనుస్మృతి నిషేధించినవి గనుక వానిని ముట్టలేదు. ఈ పద్ధతికి మాంసము, గ్రుడ్లు లేనిదే సాగదను ప్రచారమునకు ఇదియే సమాధానము. శాకాహారమున, ఆచారభంగము లేకుండ, కొంత మందగతితో ఇది సాగును.

మొదటి పది దినములు తల తిరిగెను. నమకము చెప్పుచుండగా స్వరము పైకి లేవకపోయెను. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తరచు త్రాగుమని వైద్యుడు చెప్పెను. అది కుదిరెను. మొదటి మాసమున అయిదు కిలోలు తగ్గెను. నాలుగవ మాసమున ముల్లు కదలలేదు. కార్తికమున పగలెల్ల ఉపవసించి, రాత్రి నక్తము పేర పూర్ణభోజనము చేయుటచే రెండు కిలోలు మరల పెరిగెను. పదునొకండు మాసములకు భారము 79 కిలోలు. మోకాళ్లు సడలి, పీటపై కూర్చుండి లేచునప్పుడు స్తంభమును పట్టుకొను అవసరము తప్పెను.

ఆయనకు తగ్గుటకంటె కష్టమైనవి రెండు కలవు. ఒకటి ఇరుగుపొరుగు ఒత్తిడి. ఆబ్దికమున కర్త ఇంటి పెద్దావిడ గరిటె పట్టుకొని నిలిచి, "శాస్త్రిగారూ, మీరు తృప్తిగా తింటేనే మా మామగారికి తృప్తి, ఇంకొక్క గరిటె" అనును. కాదన్నచో పితృదేవతలకు లోపము జరిగినట్లు ఆమె కన్నులు చెమర్చును. రెండవది లోపలి శత్రువు. తాను తగ్గిన కొలది ఇతరుల విస్తళ్లపై ఆయన చూపు పడసాగెను. "వీరికి ఇంకను తెలియదు పాపము" అను భావము మొలకెత్తెను. దానిని తానే గుర్తించి, ఒకనాడు తన శిష్యునితో, "నాయనా, పదిహేను కిలోల మాంసం పోయింది కాని, ఆ బరువు అహంకారం పెరిగింది" అని చెప్పెను. ఆ మాట ఈ పద్ధతిని అవలంబించు ప్రతి సాధకుడును వ్రాసిపెట్టుకొనదగినది. నిరాహారునికి విషయములు దూరమైనను వాని రుచి లోపల మిగులునని గీతాచార్యుడు రెండవ అధ్యాయమున హెచ్చరించినది ఇట్టి స్థితిని గూర్చియే.

అన్నమనగా నేమి?

ఇక శాస్త్రవిరోధము సంగతి. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి అన్నమును నిందింపరాదని, త్రోసిపుచ్చరాదని, సమృద్ధిగ సంపాదింపవలెనని వ్రతములుగ విధించినది. దీనిని ఆధారముగ గొని "అన్నము మానుట వేదధిక్కారము" అనువారు కలరు. ఇక్కడ భాషావిషయకమైన పొరపాటు కలదు. తెలుగున అన్నమనగా వండిన బియ్యము. సంస్కృతమున దానిని ఓదనమందురు. అన్నశబ్దము భక్షణార్థకమైన ధాతువునుండి పుట్టినది. తినబడునదెల్ల అన్నమే. ఆ భృగువల్లియే ప్రాణమును, జలమును, పృథివిని సైతము అన్నమని చెప్పినది. ఋగ్వేదమున యవలు కలవు, వ్రీహిశబ్దము కానరాదు. వ్రీహి యజుర్వేదమున ప్రసిద్ధము.

ప్రతిదినము అభిషేకమున చమకము వినువారు నాల్గవ అనువాకమును జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. వడ్లు, యవలు, మినుములు, నువ్వులు, పెసలు మొదలుకొని గోధుమ, మసూరము, ప్రియంగువు, శ్యామాకము, నీవారము వరకు పండ్రెండు ధాన్యములను భక్తుడు ఈశ్వరుని యాచించుచున్నాడు. పండ్రెండు యాచించి ఇంటికిపోయి ఒక్కదానినే మూడుపూటల తినుట వేదమును గౌరవించుట యెట్లగును? వరిని తగ్గించి పెసలు, మినుములు, నువ్వులు పెంచినవాడు అన్నమును నిందించినవాడు కాడు. "అన్నము విషము, తినువారు మూఢులు" అనువాడు నిందించినవాడు. ఆహారమును మార్చుకొనుట దోషము కాదు, తిరస్కారము దోషము.

అదే ఉపనిషత్తు అన్నశబ్దమునకు మరియొక అర్థము చెప్పినది. ప్రాణులచే తినబడునది, ప్రాణులను తినునది గనుక అది అన్నమైనది. మితముగ తినినచో మనము దానిని తినుచున్నాము. మితము తప్పినచో అది మనలను తినుచున్నది. మధుమేహముచే కాలిని కోల్పోయిన వానిని చూచినవారికి ఈ నిర్వచనమునకు భాష్యము అక్కరలేదు.

రెండవ ప్రక్కను కూడ చూడవలెను. ఛాందోగ్యమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతుని పదునైదు దినములు నీరు మాత్రము త్రాగి ఉండుమనెను. పిదప వేదము చెప్పుమనగా ఏదియు స్ఫురింపలేదు. భుజించిన తరువాత అంతయు స్ఫురించెను. మనస్సు అన్నమయమని ఆ విధముగ బోధించెను. శీఘ్రఫలమునకై దేహమును ఎండగట్టువారు ఈ కథను మరువరాదు. శాస్త్రము విధింపని ఘోరతపస్సుచే దేహమును, లోనున్న పరమాత్మను కృశింపజేయువారిని గీత పదునేడవ అధ్యాయము ఆసురనిశ్చయులని పేర్కొన్నది. మిక్కిలి తినువానికిని, బొత్తిగ తిననివానికిని యోగము లేదని ఆరవ అధ్యాయము చెప్పినది. మధ్యమార్గమే యోగమార్గము.

ప్రసాదము, శ్రాద్ధము, ఏకాదశి

ఆచరణలో నిర్ణయములు ఇట్లుండవలెను. ప్రసాదమునకు చేయి వెనుకకు తీయరాదు. ఉసిరికాయంత స్వీకరించి కన్నులకద్దుకొని భుజించినచో ఏ ఆహారనియమమును చెడదు. ఆ మాత్రమునకే చెడు నియమము నిలుచునది కాదు. అదే సమయమున పంచువారు ప్రసాదమును దొప్పలకొలది కుమ్మరించుట మానవలెను. ప్రసాదము అనుగ్రహమునకు చిహ్నము, ఉదరపూరణమునకు సాధనము కాదు. అన్నదానము వేరు, ప్రసాదవితరణము వేరు. ఆకలిగొన్నవానికి అన్నదానమున కడుపునిండ పెట్టవలెను. స్వామి నైవేద్యము మాత్రము ఆగమోక్తముగనే ఉండవలెను. భక్తుల ఆహారనియమములను బట్టి మహానివేదనను మార్చు ప్రయత్నములు తగవు. నియమము భక్తునిది, స్వామిది కాదు.

శ్రాద్ధమున భోక్తగ కూర్చుండి విస్తరిలో పదార్థములను వదలుట కర్తకు మనస్తాపము. అట్టి నియమము గలవాడు నిమంత్రణమునే వినయముగ నిరాకరింపవలెను, లేదా ముందుగనే తన పరిమితిని తెలుపవలెను. ఆమశ్రాద్ధము, స్వయంపాకము ఇచ్చుట మన ఆచారమున ఉన్నవే. గృహస్థులును బలవంతపు మారువడ్డన పుణ్యమను భ్రాంతిని విడువవలెను. రోగికి హానికరమైన దానిని ప్రేమతో పెట్టినను అది హితము కాదు. ఒక్క గరిటె తగ్గినంత మాత్రమున పితృదేవతలు అలుగరు. వారి తృప్తి శ్రద్ధలో ఉన్నది, శ్రాద్ధమను పేరే దానికి సాక్షి.

ఏకాదశి విషయమున మన వెలితి హాస్యాస్పదము. అన్నము నిషిద్ధమని చెప్పి ఉప్మా, ఇడ్డెనలు, పూరీలు "ఫలహారము" పేర రెండింతలు తినుచున్నారు. ఫలమును ఆహరించుటయే ఫలాహారము గదా. నెలకు రెండు మారులు పండ్లు, పాలు, నీటితో గడపినచో పిండిపదార్థముల మితి దానంతట అదియే అలవడును. అన్నమును మానుట ఎట్లో నేర్చుకొనుటకు విదేశముల పుస్తకములు వెదకనక్కరలేదు, ఏకాదశిని యథార్థముగ పాటించిన చాలును. వృద్ధులకు, బాలురకు, రోగులకు ఉపవాసమున సడలింపు కలదు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, విప్రుని కోరిక, గురువాక్యము, ఔషధము అను ఎనిమిదింటిచే వ్రతము భంగము కాదని భారతోద్యోగపర్వమున విదురుడు చెప్పినాడు. ఔషధము ఆ జాబితాలో ఉండుట గమనార్హము.

అధికారిభేదము

ఏ సాధనకైనను అధికారి నిర్ణయము ముఖ్యము. ఇదియు అట్లే. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడువారు వైద్యునికి చెప్పక అన్నము మానినచో రక్తమున చక్కెర అకస్మాత్తుగ పడిపోయి స్పృహ తప్పు ప్రమాదము కలదు. డాపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు వాడువారికి కీటోన్లు ప్రమాదకరముగ పెరుగవచ్చును. మూత్రపిండముల వ్యాధి గలవారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు, బాల్యమునుండి ఇన్సులిన్‌పై ఆధారపడినవారు దీనిని స్వయముగ ఆరంభింపరాదు. రక్తపుపోటు మాత్రల మోతాదు కూడ మార్చవలసి రావచ్చును. కొందరికి చెడు కొలెస్టరాల్ పెరుగును గనుక రక్తపరీక్షలు చేయించుకొనుచుండవలెను. ఒకరి అనుభవమును విని మరియొకరు మందులు పారవేయుట వైద్యుడు లేని శస్త్రచికిత్స వంటిది.

ఇందువలన తేలిన సిద్ధాంతము ఇది. పిండిపదార్థములను తగ్గించుట చికిత్స. చికిత్సగ అది ఆదరణీయము, శాస్త్రమునకు విరుద్ధము కాదు. దానిని మతముగ మార్చుట, అన్నమును దూషించుట, తగ్గనివానిని పాపిగ చూచుట తగదు. ఆహారశుద్ధిచే సత్త్వశుద్ధి కలుగునని సనత్కుమారుడు నారదునికి ఛాందోగ్యమున ఉపదేశించెను. భగవద్రామానుజులు అక్కడ ఆహారమనగా జాతి, ఆశ్రయ, నిమిత్త దోషములు లేని భోజనమని వ్యాఖ్యానించిరి. శంకరభగవత్పాదులు ఇంద్రియములచే లోనికి గ్రహింపబడునదెల్ల ఆహారమే అనిరి. నోటిని నియమించినవాడు మొదటి అర్థమున కొంత సాధించెను. కన్నులు, చెవులు, మనస్సు లోనికి తీసికొనుచున్న దానిని నియమించు పని అతనికి ఇంకను మిగిలియున్నది. తులాయంత్రము దానిని తూచలేదు.

ఇతి శమ్.